వైట్‌బోర్డుకూ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌కూ మధ్య లంకె తెగినప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

మిరో, మ్యూరల్, ఫిగ్‌జామ్ వంటి ఆన్‌లైన్ వైట్‌బోర్డుల మీద చర్చించుకున్న పనులను జిరా, ట్రెల్లో, అసానా వంటి ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌లోకి పంపే అనుసంధానం పనిచేయకపోతే, చాలామంది ముందుగా దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఇది తొందరపాటు. అలా చేస్తే పాత అనుమతులు, ఫీల్డుల (శీర్షిక, గడువు వంటి వివరాలు నింపే గడుల) జోడింపులు పోయే ప్రమాదం ఉండడమే కాక, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే ఆధారాలు కూడా చెరిగిపోతాయి. లంకె ఎవరి ఖాతా అధికారంతో నడుస్తోంది, ఏ ఫీల్డు మీద ఏ వైపుకు పెత్తనం ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, సాధనాన్ని ముట్టుకోకుండానే చాలా చిక్కులు విడిపోతాయి.

వివరణ కోసం ఒక ఊహా బృందాన్ని తీసుకుందాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి (కమీషన్) దుకాణాలకు తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకపు లెక్కల చీటీ) లెక్కల యాప్ తయారుచేసే ఈ బృందంలో కొందరు మడికొండ ఐటీ పార్కులో, మరికొందరు కరీంనగర్‌లోని ఇళ్ల నుంచి పనిచేస్తున్నారు. దడవాయిలు (తూకం వేసేవారు), హమాలీలు, అడ్తిదారులు చెప్పిన అవసరాలన్నీ వైట్‌బోర్డు మీద స్టిక్కీ నోట్లుగా ఉన్నాయి. అవి జిరాలో ఇష్యూలుగా (ఒక్కో పనికి ఒక్కో నమోదు; జిరా క్లౌడ్‌లో ఇప్పుడు వీటిని ‘వర్క్ ఐటెమ్’ అంటున్నారు) మారాలి.

కార్డులు ఒకరికి కనిపించి మరొకరికి కనిపించకపోవడం

సమస్య ఒక్కరిదా, అందరిదా అన్నది మొదట తేల్చుకోవాలి. ఒక్కరిదే అయితే కారణం దాదాపుగా అనుమతుల్లోనే ఉంటుంది. బోర్డును చూసే హక్కు వేరు, జిరా ప్రాజెక్టును చూసే హక్కు వేరు. జిరాలో ప్రాజెక్టును చూడడం, ఇష్యూలు సృష్టించడం, ఇష్యూలను మార్చడం అన్నవి విడివిడి అనుమతులు కాబట్టి, కార్డును చూడగలిగిన వ్యక్తి దాన్ని మార్చలేకపోవడంలో వింతేమీ లేదు. ఎర్రర్ సంఖ్య 401 అని వస్తే మీరెవరో సర్వర్ గుర్తించలేదని, 403 అని వస్తే గుర్తించినా ఆ పనికి అనుమతి లేదని అర్థం. 404 కనిపించినంత మాత్రాన ఇష్యూను ఎవరో తొలగించారనుకోనక్కర్లేదు. చూసే హక్కు లేనివారికి కూడా జిరా ఇష్యూ లేనట్టే జవాబిస్తుంది.

అదే బ్రౌజర్‌లో నేరుగా జిరాలోకి వెళ్లి, అదే ప్రాజెక్టులో చేత్తో ఒక ఇష్యూ సృష్టించి చూడడం దీనికి సరైన పరీక్ష. అక్కడ కూడా కుదరకపోతే వైట్‌బోర్డు తప్పేమీ లేదు, జిరా అడ్మిన్‌ను అడగాలి. అక్కడ కుదిరితే, వైట్‌బోర్డు ఏ ఖాతాతో జతపడి ఉందో చూడాలి. ఆఫీసు మెయిల్‌తో జిరా, సొంత జీమెయిల్‌తో వైట్‌బోర్డు తెరిచినవారు జత చేసేటప్పుడు వేరే ఖాతాకు అనుమతి ఇచ్చేయడం తరచుగా జరిగే పని.

నిన్నటివరకు నడిచి, ఒక్కసారిగా అందరికీ ఆగిపోవడం

ఇలా జరిగితే, ఆ లంకెకు మొదట అనుమతి ఇచ్చిన వ్యక్తి ఎవరో వెతకాలి. ఆయన ఉద్యోగం మానేసి ఖాతా మూతపడినా, టోకెన్‌ను (పాస్‌వర్డుకు బదులు వాడే డిజిటల్ తాళాన్ని) రద్దు చేసినా, దాని గడువు తీరినా లంకె ఆగిపోతుంది. జిరాను తయారుచేసే అట్లాసియన్‌లో 2024 డిసెంబర్ 15 తర్వాత తయారైన ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం) టోకెన్లకు గరిష్ఠ గడువు ఒక సంవత్సరం. వాటితో సొంతంగా స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) రాసుకున్న బృందాలు ఈ తేదీని మరిచిపోతే, సరిగ్గా ఏడాది తర్వాత ఏ హెచ్చరికా లేకుండా పని ఆగిందని అనుకుంటాయి.

మనుషుల పేరుతో కాకుండా అనుసంధానం కోసమే ఒక సేవా ఖాతా తెరిచి, దానికి అవసరమైన ప్రాజెక్టులకు మాత్రమే అనుమతి ఇచ్చి, టోకెన్ గడువు తేదీని బృందం క్యాలెండర్‌లో రెండు వారాల ముందే గుర్తుచేసేలా పెట్టుకోవాలి. సేవా ఖాతాకు కూడా ఒక లైసెన్సు ఖర్చవుతుందేమోనని చిన్న కంపెనీలు వెనకాడుతుంటాయి. నిజంగా అయినా, నా దృష్టిలో అది తప్పించుకోవలసిన ఖర్చు కాదు. ఒక్కరి రాజీనామాతో ప్రణాళిక సమావేశమంతా నిలిచిపోతే అయ్యే నష్టం అంతకంటే ఎక్కువ.

పాత ప్రాజెక్టు పేజీల్లో గూగుల్ జామ్‌బోర్డు లంకెలు తెరుచుకోకపోతే దానికి మరమ్మతు లేదు. ఆ సేవ 2024 డిసెంబర్ 31న ముగిసింది.

కొన్ని స్టిక్కీ నోట్లు మాత్రమే ఇష్యూలుగా మారకపోవడం

తెలుగులో రాసుకునే బృందాలను ఎక్కువగా ఇబ్బందిపెట్టేది ఇదే. జిరాలో ఇష్యూ శీర్షిక 255 క్యారెక్టర్లకు మించకూడదు, అందులో కొత్త లైను కూడా ఉండకూడదు. స్టిక్కీ నోటులో ఎంటర్ నొక్కి రెండు లైన్లుగా రాసినదాన్ని స్క్రిప్టు ద్వారా ఉన్నదున్నట్టు పంపితే జిరా తిప్పికొడుతుంది.

క్యారెక్టర్ల లెక్క మన కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. ‘తక్‌పట్టీ’ అన్న మాట కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ (కంప్యూటర్లు లిపి గుర్తులకు వాడే ఉమ్మడి ప్రమాణం) లెక్కలో మాత్రం త, క, పొల్లు, కనిపించని విడదీత గుర్తు, ప, ట, పొల్లు, ట, దీర్ఘపు గుడి అని తొమ్మిది. అందుకే రెండు మూడు వాక్యాల తెలుగు నోటు, చూడడానికి పొట్టిగానే ఉన్నా, పరిమితి దాటిపోవచ్చు. నోటులోని మొదటి లైనును శీర్షికగా, మొత్తం పాఠాన్ని వివరణ ఫీల్డుగా పంపేలా జోడింపును మార్చితే ఈ చిక్కు తీరుతుంది.

ఆ కనిపించని గుర్తు మరో తంటా కూడా తెస్తుంది. ఒకరు ఆ గుర్తుతో ‘తక్‌పట్టీ’ అని, మరొకరు అది లేకుండా ‘తక్పట్టీ’ అని లేబుల్ టైపు చేస్తే, కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు లేబుళ్లు. ‘ఈ లేబుల్ ఉంటే ఫలానా ప్రాజెక్టుకు పంపు’ అన్న నియమం ఒకదానికి పనిచేసి మరొకదానికి పనిచేయదు. అందువల్ల నియమాలకు ఆధారమయ్యే లేబుళ్లను టైపు చేయనివ్వకుండా, జాబితా నుంచి ఎంచుకునేలా పెట్టాలి. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన అను ఫాంట్ల పాఠమైతే యూనికోడ్ కాదు కాబట్టి, బోర్డులో అతికించేముందే మార్చుకోవాలి.

పొడవు సరిగానే ఉన్నా ఇష్యూ తయారుకాకపోతే, ఆ ప్రాజెక్టులో తప్పనిసరి ఫీల్డులు ఏమున్నాయో చూడాలి. కాంపొనెంటో, మరొకటో నింపనిదే ఇష్యూ కాదని అడ్మిన్ నియమం పెట్టి ఉంటే, వైట్‌బోర్డు ఆ వివరాన్ని పంపలేక విఫలమవుతుంది. ఆ ఫీల్డుకు ముందే ఒక విలువ నిర్ణయించడమో, తప్పనిసరి నియమాన్ని తీసేయడమో చేయాలి.

గడువు తేదీ ఒకరోజు వెనక్కి పోవడం

జిరాలో గడువు అంటే తేదీ మాత్రమే. ట్రెల్లోలో అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కాలమానంలో నిల్వయ్యే తేదీ, సమయం. మన సమయం యూటీసీకి ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, ట్రెల్లోలో మార్చి 12 మొదలయ్యే అర్ధరాత్రి 12:00 అని పెట్టిన గడువు లోపల మార్చి 11, 18:30 గా నిల్వవుతుంది. మధ్యలో ఉన్న ఆటొమేషన్ అందులోంచి తేదీని మాత్రం కత్తిరిస్తే జిరాలో మార్చి 11 పడుతుంది. తేదీని విడదీసేముందు సమయాన్ని ‘ఆసియా/కోల్‌కతా’ మండలానికి మార్చే మెట్టు ఒకటి చేర్చాలి. ఆ వెసులుబాటు లేకపోతే గడువు సమయాన్ని సాయంత్రం 5:30 గా పెట్టుకుంటే చాలు. అది యూటీసీలో మధ్యాహ్నం 12 గంటలు కాబట్టి అమెరికాలోని క్లయింటుకు కూడా అదే తేదీ కనిపిస్తుంది.

ఒకే పని రెండు మూడుసార్లు పుట్టడం, కదిపిన కార్డు స్థితి మారకపోవడం

సాధనంలో ముందే ఉన్న అనుసంధానానికి తోడు ఎవరో జేపియర్‌లో (వేర్వేరు యాప్‌లను కలిపే సేవ) మరో ఆటొమేషన్ పెట్టి ఉంటారు. ఒకటి బోర్డు నుంచి జిరాకు, మరొకటి జిరా నుంచి బోర్డుకు పంపుతుంటే, ఒకటి పుట్టించినదాన్ని మరొకటి కొత్తదనుకుని మళ్లీ పుట్టిస్తుంది. రెండింటిలో ఒకదాన్ని ఆపాలి. రెండూ కావాలంటే, ఇష్యూ సంఖ్యను బోర్డు కార్డు మీద నిల్వచేసి, ఆ సంఖ్య ఉన్న కార్డును, సేవా ఖాతా సృష్టించిన ఇష్యూను వదిలేయమని షరతు పెట్టాలి. ఏ ఫీల్డు ఎక్కడ మార్చాలో కూడా బృందం ముందే ఒప్పందానికి రావాలి: పని స్థితి, గడువు జిరాలోనే, అమరిక, రంగులు, వ్యాఖ్యలు బోర్డు మీదనే.

బోర్డు మీద కార్డును ‘పూర్తయింది’ అన్న గడిలోకి లాగినంత మాత్రాన సాధారణంగా జిరాలో స్థితి మారదు. అది బొమ్మలో చోటు మారడమే. స్థితిని కార్డులోనే మార్చబోయినా కుదరకపోతే, జిరా వర్క్‌ఫ్లోలో (పని దశల క్రమంలో) ఆ స్థితి నుంచి ఈ స్థితికి దారి ఉందో లేదో చూడాలి.

ఆలస్యంగా రావడం, గుంపుగా పంపితే కొన్ని రాలిపోవడం

జేపియర్ ఉచిత ప్లానులో అడిగి తెచ్చుకునే పద్ధతి మీద నడిచే ట్రిగ్గర్లు (కొత్తదేమైనా వచ్చిందా అని చూసి పనిని మొదలుపెట్టేవి) 15 నిమిషాలకొకసారి చూస్తాయి, నెలకు 100 పనులే చేస్తాయి. అది లోపం కాదు, ప్లాను హద్దు. స్క్రిప్టులకు 429 (అభ్యర్థనలు మితిమీరాయన్న ఎర్రర్) వస్తే వేగం తగ్గించాలి: ట్రెల్లో ఒక్కో టోకెన్‌కు పది సెకన్లలో 100 అభ్యర్థనలు, అసానా ఉచిత ప్లానులో నిమిషానికి 150 మాత్రమే అనుమతిస్తాయి. మిర్చి సీజన్‌కు ముందు రాసిన నోట్లన్నీ ఒకేసారి ఎంచుకుని పంపకుండా విడతలుగా పంపాలి.

ప్రాజెక్టు పేజీలో పొదిగిన (ఎంబెడ్ చేసిన) బోర్డు తెల్లగా కనిపించడం

బయటి సైటు కుకీలను (లాగిన్ వంటివి గుర్తుంచుకునేందుకు బ్రౌజర్‌లో నిల్వచేసే చిన్న ఫైళ్లను) సఫారీ బ్రౌజర్ 2020 మార్చి నుంచి అడ్డుకుంటోంది; దానివల్ల పొదిగిన బోర్డు పదేపదే లాగిన్ అడగవచ్చు. ముందుగా బోర్డును వేరే ట్యాబులో తెరవాలి. అక్కడ తెరుచుకుంటే కుకీలదో, పొదుగుడు అనుమతిదో సమస్య. ఆ సైటుకు కుకీలు అనుమతించాలి, కుదరకపోతే పొదగడం మానేసి మామూలు లంకె ఇవ్వాలి. వేరే ట్యాబులోనూ తెరుచుకోకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించాలి. అలా తెరుచుకుంటే ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుపడుతున్నట్టే కాబట్టి నెట్‌వర్క్ చూసేవారికి చెప్పాలి.

వీటిలో ఏదీ పనిచేయక సహాయ విభాగానికి రాయవలసివస్తే, వైఫల్యం జరిగిన సమయాన్ని భారత కాలమానమని స్పష్టంగా పేర్కొంటూ, ఇష్యూ సంఖ్య, బోర్డు చిరునామా, ఎర్రర్ సంఖ్య, ఒక్కరికా అందరికా అన్న వివరం జతచేయాలి. స్క్రీన్‌షాట్‌లో టోకెన్ కనిపిస్తుంటే పంపేముందే దాన్ని చెరిపేయాలి. ఇప్పటికే పంపి ఉంటే ఆ టోకెన్‌ను రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.