శవం మీది పురుగులను బట్టి చనిపోయిన సమయం లెక్కగట్టడం ఎలా?

ముందు థర్మామీటర్ తీయండి, పురుగుల సంగతి తర్వాత. పురుగు ఎదిగే వేగమంతా వేడిని బట్టే ఉంటుంది కాబట్టి గాలిలో, నేల మీద, పురుగుల గుంపు మధ్యలో, మూడు చోట్లా చూడాలి. ఆ గుంపు తనంతట తానే వేడెక్కుతుంది మరి.

తర్వాత అన్నిటికంటే ముదిరిన పురుగుల్ని ఏరండి. కొన్నిటిని బాగా మరిగిన నీళ్లలో వేసి చంపి 80 శాతం ఆల్కహాల్‌లో దాచండి (నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుపోయి పొడవు తప్పొస్తుంది), కొన్నిటిని ప్రాణంతోనే ఉంచి ఈగలయ్యేదాకా పెంచండి, జాతి ఏదో ఖాయంగా తేలేది అప్పుడే. మైక్రోస్కోప్ కింద పురుగు వెనక భాగం చూస్తే ఒక్కో శ్వాసరంధ్రంలో సన్నటి చీలికలు కనిపిస్తాయి: రెండుంటే రెండో దశ, మూడుంటే మూడోది. భలే గుర్తు. చుట్టుపక్కల మట్టి కూడా తవ్వండి, తిండి మానేసిన పురుగులు ప్యూపాలుగా (గట్టి పెంకులో ఉండి ఈగగా మారే దశ) మారడానికి కొన్ని మీటర్ల దూరం పాకిపోతాయి, అవి దొరక్కపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

ఆ జాతి ఆ దశకు రావడానికి ఎన్ని డిగ్రీ-గంటలు (ఎంత వేడిలో ఎన్ని గంటలు గడిచాయో కలిపి చూపే లెక్క) కావాలో పట్టికలో చూసి, దగ్గరి వాతావరణ కేంద్రం ఉష్ణోగ్రతలతో వెనక్కి లెక్కపెట్టండి. వచ్చేది గుడ్లు పెట్టిన సమయం, చావు సమయం కాదు. ఈగలు మామూలుగా రాత్రిపూట గుడ్లు పెట్టవు, శవాన్ని గట్టిగా చుట్టేసినా ఆలస్యమే, అందుకే రిపోర్టులో ‘కనీసం ఇంతసేపు’ అనే రాయండి.