స్కూలు నుంచి రాగానే రణరంగమా? థెరపిస్టుని మార్చేముందు పొట్ట చూడండి

సమస్య: ఆటిజం ఉన్న పిల్లాడు. మొన్నటిదాకా బాగానే ఉన్నాడు. కొన్ని వారాలుగా వ్యాన్ దిగగానే బ్యాగు విసిరేస్తున్నాడు, చెల్లెల్ని కొరుకుతున్నాడు, సోఫా చేతికి పొట్ట ఆనించి బోర్లా పడుకుంటున్నాడు. పలకరిస్తే తంతాడు.

బెంగళూరులో మనవాళ్లు ఈ మాట చెప్పి వెంటనే అడిగేది "వేరే థెరపీ సెంటర్ ఏదైనా ఉందా అండీ?" అని. ఉన్నాయి, వీధికొకటి. ముందు టిఫిన్ బాక్సు మూత తీసి చూడండి. పెట్టింది పెట్టినట్టే ఉంటే అది ఆకలి. నిద్ర, పంటినొప్పి, చెవినొప్పి కూడా చూడండి. క్లాసులో గోలంతా ఓర్చుకుని బుద్ధిగా కూర్చున్నవాడికి ఇంట్లో కట్ట తెగడం మామూలే. ఏదో ఒకటి తినిపించి, లైటు తగ్గించి, కాసేపు వాడి మానాన వాణ్ని వదిలేయండి. "ఇవాళేం చెప్పారు నాన్నా?" రాత్రి అడగొచ్చు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత, కుదురు లేని సమస్య) మిథైల్‌ఫెనిడేట్ వాడుతుంటే, మందు ప్రభావం తగ్గే వేళకి కొందరికి చిరాకు వస్తుంది. టైము రాసిపెట్టి డాక్టరుకి చూపించండి, డోసు మీరే మార్చొద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా తగ్గలేదంటే నేను అడిగేది మోషన్ గురించి. "రోజూ వెళ్తాడండీ" అంటారు. సరిగ్గా ఇక్కడే అందరూ బోల్తా పడతారు. రోజూ వెళ్లే పిల్లాడికీ మలబద్ధకం ఉండొచ్చు.

ఎలాగంటే, స్కూలు టాయిలెట్లో నేల తడి, వాసన, ఫ్లష్ మోత. అందుకని పొద్దున వ్యాన్ ఎక్కిన దగ్గర్నుంచి అవుటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేదాకా బిగబట్టుకుంటాడు. తినేదేమో పెరుగన్నం, బిస్కెట్లు, పాలు. మలం గట్టిపడి ఒక్కసారి నొప్పి పుట్టిందా, ఆ భయానికి ఇంకా బిగబడతాడు. లోపల పేరుకున్నకొద్దీ పురీషనాళం (పేగు చివరి భాగం) సాగిపోయి, వస్తోందన్న కబురే అందదు. అసలే ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఒంట్లో కబుర్లు సరిగా తెలియవు, తెలిసినా చెప్పలేరు. గట్టి ముద్ద పక్కనుంచి పల్చటిది కారి చెడ్డీకి మరక అవుతుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుంటారు, లేదా "ఇంత వయసొచ్చి ఇదేంట్రా" అని తిడతారు. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కితే పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది.

కర్టెన్ వెనక కాళ్లు మెలేసి మునివేళ్ల మీద నిలబడ్డాడంటే ముక్కుతున్నాడనుకోకండి, ఆపుకుంటున్నాడు. మేకపెంటికల్లాంటి ఉండలు, లేదా కమోడ్‌కి అడ్డంపడేంత పెద్దది కూడా గుర్తులే. అన్నిటికంటే గట్టి ఆధారం, మోషన్ బాగా అయిన రోజు పిల్లాడు కుదురుగా ఉండటం. బాత్రూమ్ తలుపుకి కాగితం అంటించి రెండు వారాలపాటు మోషన్, గొడవ పక్కపక్కన రాయండి.

పరిష్కారం: ఆ కాగితంతో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మలాన్ని మెత్తబరిచే పాలీఎథిలిన్ గ్లైకాల్ పొడో లాక్టులోజో రాస్తారు. ముందు పేరుకున్నదంతా బయటికి పోవాలి, తర్వాత చిన్న డోసు నెలల తరబడి సాగాలి. సాగిన పేగు మామూలు కావడానికి అంత పడుతుంది. వారం బాగుందని మందు ఆపేసి మళ్లీ మొదటికొచ్చేవాళ్లే ఎక్కువ. ఆముదం పట్టించడం, ఇంట్లో ఎనిమా వద్దు. లోపల అడ్డుపడి ఉన్నప్పుడు అరటిపండ్లతో పని జరగదు.

తిన్న తర్వాత పేగు కదులుతుంది కాబట్టి అప్పుడే 5 నుంచి 10 నిమిషాలు కూర్చోబెట్టండి. కాళ్లకింద పీట వేసి మోకాళ్లు తుంటికంటే ఎత్తులో ఉంచండి. కూర్చున్నందుకే మెచ్చుకోండి, ఫలితం కోసం కాపలా కాయకండి. వాడు బయటికొచ్చాక ఫ్లష్ మీరు నొక్కండి. ఇంట్లో తెలుగు, ఆయాతో కన్నడ, టీచరుతో ఇంగ్లీషు కాబట్టి టాయిలెట్ బొమ్మ కార్డు ఒకటి మెళ్లో వేయండి, చూపిస్తే చాలు. రద్దీ లేని టైములో పంపమని స్కూలుకి రాతపూర్వకంగా అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది, మొహమాటపడక్కర్లేదు.

మలంలో రక్తం, వాంతులు, ఉబ్బి గట్టిపడ్డ పొట్ట కనిపిస్తే ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి. శూన్యంలోకి చూస్తూ పిలిచినా పలక్కుండా ఉండిపోతుంటే ఫిట్స్ కావచ్చు, వీడియో తీసి న్యూరాలజిస్టుకి చూపించండి. థైరాయిడ్, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) లాంటివి అరుదు, అవసరమైతే డాక్టరే పరీక్ష రాస్తారు.