నెదర్లాండ్స్‌కు వెళ్లే ముందు కాగితాల పని

బెంగళూరులో ఉంటూ నెదర్లాండ్స్ ప్రయాణానికి సిద్ధమవుతున్న మనవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: సూట్‌కేసుల సంగతి తర్వాత, ముందు బర్త్ సర్టిఫికెట్ బయటికి తీయండి. అక్కడి మున్సిపాలిటీలో పేరు నమోదుకు దాన్ని అడుగుతారు. పెళ్లయినవాళ్లయితే మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా. రెండింటికీ అపోస్టిల్, అంటే కాగితం విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ ముద్ర, ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే. గుంటూరులో ఇచ్చిన కాగితాన్ని కర్ణాటక ప్రభుత్వం ధ్రువీకరించదు. అది ఆంధ్రప్రదేశ్‌లోనే జరగాలి, ఆ తర్వాతే విదేశాంగ శాఖ అపోస్టిల్ వేస్తుంది. ఊళ్లో నాన్నగారికో బావమరిదికో ఈ పని ఇప్పుడే అప్పగించండి, చివర్లో టెన్షన్ పడొద్దు.

పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. సర్టిఫికెట్‌లో ‘కె. లక్ష్మి’ అనీ, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగానూ ఉంటే అపోస్టిల్‌కు ముందే సరిచేయించండి. తర్వాత దిద్దితే పనంతా మళ్లీ మొదటికొస్తుంది. పాత కాగితం తెలుగులో మాత్రమే ఉంటే ఇంగ్లిష్‌లో కొత్తది తీసుకోండి.

బ్యాంకుకు చెప్పి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండే భారతీయులకు ఇక్కడ ఉండే రూపాయి ఖాతాగా, మార్పించుకోండి.

ఇక సామాను. అమ్మ ఎంత ప్రేమగా ఇచ్చినా నెయ్యి, పాలకోవా పెట్టుకోకండి. భారత్ నుంచి పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు.