మీరు రోజూ అనే మాటలనే ఇంగ్లీషులో నేర్చుకోండి

స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం ఏది తెరిచినా ముందు కూరగాయల పేర్లు, తర్వాత పక్షుల పేర్లు, ఆ తర్వాత బంధుత్వాలు. అవన్నీ బట్టీ పట్టినా బ్యాంకు కౌంటర్ దగ్గర నోరు పెగలదు, ఎందుకంటే అక్కడ కావాల్సింది పూర్తి వాక్యం. అయినా పేర్లకేం, మనకి ముందే బోలెడు వచ్చు: ఛార్జర్, సిగ్నల్, బిల్లు, రిపేరు, అకౌంటు, లింకు. వాటిని కలిపి మాట్లాడే చిన్న చిన్న మాటల దగ్గరే ఇబ్బంది.

అందుకని ముందు ఒక పని చేయండి. ఒకట్రెండు రోజులు మీరు తెలుగులో ఏమేం అంటున్నారో గమనించి ఫోన్లో రాసుకోండి, పుస్తకం భాషలోకి మార్చకుండా ఎలా అన్నారో అలాగే. "ఒక్క నిమిషం ఆగండి", "చిల్లర లేదండి", "ఛార్జింగ్ అయిపోయింది", "కనుక్కుని చెప్తా", "సరిగ్గా వినపడట్లేదు", "పర్లేదు". ఇరవయ్యో ముప్పయ్యో వస్తాయి. మీ సిలబస్ అదే.

ఇప్పుడు వీటిని ఇంగ్లీషులో పెట్టాలి, కానీ మాటకు మాట మార్చకండి, అదే సందర్భంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఏమంటారో అది రాసుకోండి. ఆగండి అనడానికి "స్టాప్" అంటే కసిరినట్టు ఉంటుంది, "జస్ట్ ఎ సెకండ్" అనాలి. చిల్లర లేకపోతే "సారీ, ఐ డోంట్ హావ్ చేంజ్". ఛార్జింగ్ అయిపోతే "మై బ్యాటరీ ఈజ్ డెడ్". కనుక్కుని చెప్తా అంటే "లెట్ మీ చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ", ఆఫీసులో పని చేసేవాళ్ళకి ఈ ఒక్కటి వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

అన్నిటికన్నా తమాషా "పర్లేదు". ఎవరైనా సారీ చెప్తే మనం పర్లేదు అంటాం, అది "నో ప్రాబ్లమ్". ఇంకొంచెం అన్నం వేసుకోండి అంటే చాల్లెండి అనే అర్థంలో పర్లేదంటాం, అది "ఐయామ్ గుడ్, థాంక్స్". సినిమా ఎలా ఉందంటే పర్లేదు, అది "నాట్ బ్యాడ్". డిక్షనరీలో మాట వెతికి రాసుకుంటే ఈ తేడా దొరకదు, అందుకే సందర్భంతో కలిపి రాసుకోమంటున్నా. ఇక మన "అండి"కి ఇంగ్లీషులో జోడీ లేదు, మాటమాటకీ సార్ తగిలించినా ఆ మర్యాద రాదు, అది "కుడ్ యూ", "కుడ్ ఐ", "ప్లీజ్" వల్ల వస్తుంది. "గివ్ మీ వాటర్" బదులు "కుడ్ ఐ గెట్ సమ్ వాటర్, ప్లీజ్?"

తర్వాత ఒక్కో వాక్యాన్ని అచ్చులా వాడుకోండి. "డూ ఐ హావ్ టు" అనేది పట్టుకుంటే బ్యాంకులో ఎన్ని పనులు అవుతాయో చూడండి: "డూ ఐ హావ్ టు సైన్ హియర్?", "డూ ఐ హావ్ టు పే నౌ?", "డూ ఐ హావ్ టు కమ్ అగైన్?" ఇలాంటివే "హౌ డూ ఐ", "ఐయామ్ లుకింగ్ ఫర్", "ఈజ్ ఇట్ ఓకే ఇఫ్ ఐ". రోజుకి ఒక్కటి చాలు, కానీ ఆ ఒక్కదానికీ మీ సొంత అవసరాలతో నాలుగైదు వాక్యాలు కట్టి పైకి అనండి.

మాటల సంఖ్య గురించి భయపడేవాళ్ళకి ఒక సంగతి. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన 1953లో ఇంగ్లీషులో బాగా ఎక్కువగా వాడే మాటల జాబితా ఒకటి వేశాడు, సుమారు 2,000 ఉంటాయి. మామూలు రాతలో నూటికి ఎనభై దాకా ఆ మాటలే తగులుతాయి. అందులో గెట్, టేక్, పుట్, టర్న్ లాంటి పొట్టి క్రియల మీద ఎక్కువ టైమ్ పెట్టండి, వెనక తగిలే మాటని బట్టి వాటి అర్థం మారిపోతుంది. కారు ఎక్కడం "గెట్ ఇన్", దిగడం "గెట్ ఔట్", బస్సుకైతే "గెట్ ఆన్", "గెట్ ఆఫ్". రూలు కోసం తల బద్దలు కొట్టుకోకుండా బస్సు, కారు రెండూ ఊహించుకుని అనేయండి.

మన దగ్గర చెలామణి అయ్యే ఇంగ్లీషు కొంత వేరే దేశం వాళ్ళకి అర్థం కాదు. చొక్కా ఇన్‌సర్ట్ చేయడాన్ని వాళ్ళు "టక్ ఇన్" అంటారు, స్టెప్నీ అంటే "స్పేర్ టైర్", ఊళ్ళో లేరంటే "ఔట్ ఆఫ్ స్టేషన్" కాదు "ఔట్ ఆఫ్ టౌన్", "ఐ హావ్ ఎ డౌట్" అంటే మిమ్మల్ని నమ్మట్లేదన్నట్టు వినిపించొచ్చు కాబట్టి "ఐ హావ్ ఎ క్వశ్చన్". హైదరాబాదు ఆఫీసులో ఇవన్నీ హాయిగా నడుస్తాయి, అక్కడ మార్చుకోనక్కర్లేదు, విదేశీ క్లయింటుతో మాట్లాడేవాళ్ళు మార్చుకుంటే చాలు. "ఐయామ్ హావింగ్ టూ బ్రదర్స్" మాత్రం మానేయండి, "ఐ హావ్ టూ బ్రదర్స్".

గుర్తుండటానికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. నోట్‌బుక్‌లో ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు, కుడివైపు చెయ్యి అడ్డం పెట్టి పైకి అనడం. మర్నాడు ఒకసారి, మూడు రోజులకి, వారానికి, నెలకి. నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మర్చిపోతామని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ 1885లోనే తేల్చాడు, అందుకే మొదటి రెండుసార్లు ఎగ్గొట్టకూడదు. ఫోన్లో కావాలంటే ఆంకీ యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఎప్పుడు ఏది చూడాలో అదే చెప్తుంది. ఉచ్చారణకైతే కీబోర్డులో మైకు నొక్కి, భాష ఇంగ్లీషు పెట్టి మాట్లాడండి, మీరన్నదే టైపైతే సరే, వేరేది పడితే ఆ మాట మళ్ళీ వినాలి. చివర ఉకారం తగిలించి "బస్సు", "బ్యాంకు" అనే అలవాటు ఇంగ్లీషులో వదలాలి, అక్కడ "బస్", "బ్యాంక్".

మాట్లాడటానికి మనుషులెవరు దొరుకుతారు అంటారా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు తెలుగు నంబరు నొక్కకుండా ఇంగ్లీషు నంబరు నొక్కండి. అవతలివాళ్ళకి మీరెవరో తెలీదు, ఓపిగ్గా వినడమే వాళ్ళ ఉద్యోగం. అర్థం కాకపోతే "సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?", మరీ గబగబా మాట్లాడితే "కుడ్ యూ స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ?" ఈ రెండూ నిద్రలో లేపినా వచ్చేట్టు ఉండాలి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకైతే ఈ జాబితా ఇంకా చిన్నది. ఇమ్మిగ్రేషన్‌లో ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు అని అడుగుతారు: "టు విజిట్ మై సన్", ఎన్నాళ్ళో ఉన్నది ఉన్నట్టు "త్రీ మంత్స్", అంతే, పొడిగించక్కర్లేదు. హోటల్లో "ఫర్ హియర్ ఆర్ టు గో?" అంటే ఇక్కడే తింటారా, పార్సిలా అని. "ఎనీథింగ్ ఎల్స్?" అంటే "దట్స్ ఇట్, థాంక్యూ". షాపులో బిల్లు కొట్టే అమ్మాయి "హౌ ఆర్ యూ?" అంటుంది, అది మన నమస్కారం లాంటిదే, "గుడ్, హౌ ఆర్ యూ?" అనేసి కార్డు తీయండి, మోకాళ్ళ నొప్పుల సంగతి అక్కడ ఎత్తకండి.