ప్రపంచ ప్రభుత్వంపై వాదనలను పరిశీలించే పద్ధతి

ప్రపంచానికంతటికీ ఒకే ప్రభుత్వం ఉండాలా అన్న చర్చలోకి దిగేవారు ముందుగా, మాట్లాడుతున్న వ్యక్తి ఏ రకమైన ప్రభుత్వాన్ని మనసులో పెట్టుకున్నాడో తేల్చుకోవాలి. సొంత సైన్యం, పన్నులు వేసే అధికారం, తిరుగులేని న్యాయస్థానం ఉన్న ఏకైక రాజ్యాన్ని ఒకరు ఊహిస్తారు. కొన్ని విషయాలకే పరిమితమైన సమాఖ్య చాలునని మరొకరు అంటారు. ఐక్యరాజ్యసమితి కాస్త బలపడితే అదే పదివేలని ఇంకొకరు భావిస్తారు. వీటిని విడదీయడానికి ఒక్క ప్రశ్న వేసి చూడవచ్చు: సభ్యదేశానికి ఇష్టం లేకపోయినా తన నిర్ణయాన్ని అమలు చేయించగల బలం ఆ సంస్థకు సొంతంగా ఉందా? 1945 నాటి ఐక్యరాజ్యసమితి నియమావళిని ఈ ప్రశ్నతో చదివితే విషయం వెంటనే తేలిపోతుంది. రెండో అధికరణం సభ్యదేశాలన్నీ సార్వభౌమత్వంలో సమానమంటుంది. భద్రతామండలిలోని 15 మందిలో 9 మంది ఔనన్నా, 5 శాశ్వత సభ్యదేశాలలో ఒక్కటి కాదంటే ముఖ్యమైన తీర్మానమేదీ నెగ్గదు. శాంతిదళాలకు సైనికులను పంపేది కూడా సభ్యదేశాలే.

తరువాత, అనుకూల వాదానికి మూలమైన పోలికను విప్పి చూడాలి. 1651లో ఇంగ్లండ్ తత్త్వవేత్త థామస్ హాబ్స్ చెప్పినదాని ప్రకారం, అందరినీ అదుపులో ఉంచే అధికారం లేనిచోట మనుషులు ఒకరినొకరు నమ్మలేక ఎడతెగని పోరులో చిక్కుకుంటారు, అందుకే పాలకుడు కావాలి. రాజ్యాల మీద కూడా అటువంటి అధికారం లేదు కనుక వాటికీ ఒక పాలకుడు కావాలన్నది ప్రపంచ ప్రభుత్వవాదులు దాని నుంచి తీసే ముగింపు. ఈ వాదాన్ని కాగితం మీద మెట్టుమెట్టుగా రాసుకుంటే, మనుషుల పరిస్థితీ రాజ్యాల పరిస్థితీ ఒకటేనన్న మెట్టు దగ్గర అనుమానం వస్తుంది. హాబ్స్ తానే ఆ ముగింపుకు వెళ్లలేదు. రాజులు ఆయుధాలు ఎక్కుపెట్టుకుని ఒకరినొకరు కనిపెట్టుకుని ఉన్నా, ఆ కాపలా చాటున ప్రజల వృత్తి వ్యాపారాలు సాగుతాయి గనుక ఒంటరి మనిషికి పట్టే దుర్గతి రాజ్యాలకు పట్టదన్నాడు. నిద్రలో ఉన్న బలవంతుణ్ణి బలహీనుడు సైతం చంపగలడు, రాజ్యం నిద్రపోదు. అయితే అణుబాంబు వచ్చాక ఈ తేడా ఎంతవరకు నిలుస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. ఎంత పెద్ద రాజ్యమైనా గంటల్లో నాశనం కాగల పరిస్థితి ఏర్పడిన తరువాతే ఐన్‌స్టీన్ వంటివారు ప్రపంచ ప్రభుత్వం కావాలని గట్టిగా వాదించారు. పాత పోలిక బలహీనమని తోసిపుచ్చేవారు ఈ కొత్త పరిస్థితికి విడిగా జవాబు చెప్పాలి.

ప్రతికూల వాదాలలో ఎక్కువ సమయం కేటాయించవలసినది జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్‌కు. శాశ్వత శాంతిపై 1795లో ఆయన రాసిన వ్యాసం నుంచి చాలామంది ఒకే కారణాన్ని ఉటంకిస్తారు గానీ, అందులో కనీసం మూడు ఉన్నాయి, వాటిని కలగాపులగం చేయకూడదు. రాజ్యాలకు లోపల చట్టబద్ధమైన వ్యవస్థ ఇప్పటికే ఉంది కనుక, వాటిని పై చట్టం కిందికి బలవంతంగా లాగే హక్కు ఇతరులకు లేదన్నది హక్కుకు సంబంధించిన మాట. అందుకు రాజ్యాలు ఒప్పుకోవు కనుక, ప్రపంచ గణతంత్రానికి బదులు యుద్ధాన్ని నివారించే స్వేచ్ఛారాజ్యాల కూటమితో సరిపెట్టుకోవాలన్నది వాటి ఇష్టాయిష్టాలకు సంబంధించినది. పాలన విస్తరించేకొద్దీ చట్టం పట్టు సడలి, జీవం లేని నిరంకుశత్వంగా మారి, చివరకు అరాచకంలో ముగుస్తుందన్నది అనుభవంతో తేల్చవలసిన అంచనా. మొదటిదాన్ని ఎదుర్కోవాలంటే, లోపల చట్టమే లేని రాజ్యం సంగతేమిటని అడగాలి. రెండోది కాలంతో మారవచ్చు. మూడోదానికి, అధికారాలను పంచుకునే సమాఖ్యకూ ఆ గతే పడుతుందా అని నిలదీయాలి. అమెరికా తత్త్వవేత్త జాన్ రాల్స్ 1999లో ఈ మూడో అభ్యంతరాన్నే తన మాటల్లో సమర్థించాడు; అందుకని దానికి బలం రెట్టింపైనట్టు లెక్కవేయనక్కరలేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా పదునైన అభ్యంతరం వేరే ఉంది: పాలకుడు క్రూరుడైతే నేడు సరిహద్దు దాటి తలదాచుకోవచ్చు, ప్రపంచమంతా ఒకే పాలనలో ఉంటే పారిపోవడానికి చోటే ఉండదు. దీనికి తోడు, ఒకే ప్రభుత్వం ఏర్పడితే యుద్ధం పోతుందనేవారు 1861–65 అమెరికా అంతర్యుద్ధాన్ని గుర్తుంచుకోవాలి. సమాఖ్య లోపలి రాష్ట్రాలు విడిపోతామన్నప్పుడే అది మొదలైంది.

ప్రపంచ రాజ్యం అనివార్యమని 2003లో అంతర్జాతీయ సంబంధాల పండితుడు అలెగ్జాండర్ వెండ్ట్ వాదించాడు. రాబోతున్నదా, రావాలా అన్నవి వేర్వేరు ప్రశ్నలు కనుక, ఇటువంటి వాదాలను పక్కన విడిగా పెట్టుకోవడం మంచిది.

పై అధికారం లేకుండా ఉమ్మడి సమస్యలు తీరవన్న మాటను మాత్రం ఉదాహరణలతో పరీక్షించాలి. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందానికి ప్రపంచ దేశాలన్నీ కట్టుబడ్డాయి, దాని వెనుక ఏ ప్రపంచ ప్రభుత్వమూ లేదు. వాతావరణ మార్పు విషయంలో 2015 పారిస్ ఒప్పందం ఉన్నా, లక్ష్యాలను ఎవరికి వారే నిర్ణయించుకుంటారు, తప్పినవారికి శిక్ష లేదు. ఓజోన్‌కు హాని చేసే రసాయనాలను తయారుచేసే సంస్థలు కొద్ది, వాటికి ప్రత్యామ్నాయాలూ దొరికాయి; బొగ్గు, చమురు మాత్రం ప్రతి ఆర్థిక వ్యవస్థలోనూ పెనవేసుకుని ఉన్నాయి. సహకారం ఎప్పుడు చాలుతుంది, ఎప్పుడు చాలదు అన్నది ఈ తేడాలో వెతకాలి.

సొంత వైఖరిని రాసేటప్పుడు, అనుకూలురు సాధారణంగా దాటవేసే ప్రాతినిధ్యం సంగతిని తప్పక చేర్చండి. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలోలాగా దేశానికో ఓటు ఇస్తే, పసిఫిక్‌లోని చిన్న ద్వీపదేశం తువాలు ఓటుకూ చైనా ఓటుకూ ఒకే విలువ ఉంటుంది. జనాభాను బట్టి ఇస్తే, భారత్, చైనాలకే మూడో వంతుకు పైగా స్థానాలు దక్కుతాయి. రెండింటిలో దేన్ని ఎంచుకున్నా, దానివల్ల నష్టపోయేవారికి ఏ రక్షణ కల్పిస్తారో, ఆ రక్షణను తొలగించే అధికారం ఎవరికి ఉంటుందో వివరంగా రాయండి.