బిల్డ్ స్క్రిప్టులో * అడగకుండానే ఎక్స్‌పాండ్ అవుతోందా? సమస్య - పరిష్కారం

టూల్ వెర్షన్ మార్చే ముందు, ఆప్షన్లు కెలికే ముందు, స్క్రిప్టు మొదట్లో సెట్ -ఎక్స్ పెట్టి ఒకసారి నడపండి. ప్రతి కమాండూ షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) చేతిలోంచి ఏ రూపంలో బయటికి వెళ్లిందో లాగ్‌లో కనిపిస్తుంది. మీరు * రాసిన చోట ఫైల్ పేర్లు వరసగా ఉంటే (ఎక్స్‌పాండ్ అంటే ఇదే) ఆ పని షెల్‌ది, టూల్‌ది కాదు. ఇంత చిన్న చెక్ వదిలేసి టూల్ మీద బగ్ వేసేవాళ్లకు కొదవ లేదు.

సమస్య: ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్ నిన్నటిదాకా ఫైళ్లన్నీ పట్టుకునేది, ఇవాళ కొన్నే దొరుకుతున్నాయి. ఎర్రర్ లేదు, బిల్డ్ పాసవుతోంది.

కారణం: ఫైండ్‌కు ఫైల్ పేరు చెప్పే -నేమ్ పక్కన *.ప్రోటో అని కొటేషన్లు లేకుండా రాశారు. షెల్ బాష్ అయినా డాష్ అయినా, స్క్రిప్టు నిలబడిన డైరెక్టరీలో ఆ ప్యాటర్న్‌కు సరిపోయే ఫైల్ ఏదీ లేకపోతే * ను ముట్టుకోకుండా ఫైండ్‌కు ఇచ్చేస్తుంది. అందుకే ఇన్నాళ్లూ నడిచింది. రెండు ఫైళ్లుంటే ఫైండ్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అదీ మన మంచికే. సరిగ్గా ఒక్కటి ఉంటేనే చిక్కు: ప్యాటర్న్ పోయి ఆ ఒక్క పేరే వెళ్తుంది, ఫైండ్ లోపలి ఫోల్డర్లన్నిటిలో ఆ పేరే వెతుకుతుంది. ముందు స్టెప్ రూట్‌లో (ప్రాజెక్టు పై డైరెక్టరీలో) ఒక ఫైల్ వదిలినా, స్క్రిప్టును వేరే డైరెక్టరీ నుంచి పిలిచినా ఇంతే. ల్యాప్‌టాప్‌లో బాగుండి సర్వర్‌లో చెడేది ఇందుకే.

పరిష్కారం: '*.ప్రోటో' అని సింగిల్ కొటేషన్లలో పెట్టండి. ప్యాటర్న్ వేరియబుల్‌లో ఉంటే, విలువ ఇచ్చేచోట పెట్టిన కొటేషన్లు చాలవు. వాడేచోట వేరియబుల్ చుట్టూ డబుల్ కొటేషన్లు లేకపోతే షెల్ మళ్లీ ఎక్స్‌పాండ్ చేస్తుంది. సగం సరిచేసి టికెట్ మూసేది ఇక్కడే. మూసే ముందు రూట్‌లో టచ్ కమాండ్‌తో ఒక ఖాళీ .ప్రోటో ఫైల్ పెట్టి మళ్లీ నడపండి: ఫలితాల్లో అదొక్కటే పెరగాలి, మిగతావి తగ్గకూడదు.

సమస్య: ఎన్‌పీఎమ్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల టూల్) స్క్రిప్టులో  ** (ఎంత లోపలి ఫోల్డరైనా అని) రాసినా కొన్ని టెస్టులు నడవట్లేదు.

బెంగళూరు టీముల్లో చేతిలో మ్యాక్, బిల్డ్‌కు ఉబుంటు, క్లయింట్ దగ్గర విండోస్ ఉండటం మామూలే. మ్యాక్, లినక్స్‌లలో ఎన్‌పీఎమ్ వాడేది ఎస్‌హెచ్ అనే షెల్. దానికి  ** కూడా ఒక్క * లాంటిదే, సరిగ్గా ఒక లెవెల్ లోపలి ఫైళ్లే వస్తాయి. ప్యాటర్న్‌ను కొటేషన్లలో పెట్టి,  ** ను టూల్‌కే వదిలేయండి. ప్యాకేజ్ జేసన్‌లో బ్యాక్‌స్లాష్‌తో డబుల్ కొటేషన్లు రాయండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ సింగిల్ కొటేషన్లను కొటేషన్లుగా లెక్కచేయదు.

సమస్య: జావాలో క్లాస్‌పాత్‌కు (క్లాసులు ఎక్కడ వెతకాలో చెప్పే ఆప్షన్) లిబ్/* ఇస్తే మెయిన్ క్లాస్ దొరకలేదంటోంది.

షెల్ లిబ్‌లోని జార్ ఫైళ్లన్నిటినీ విడివిడిగా పరిచేసింది, రెండో జార్‌ను జావా క్లాస్ పేరనుకుంది. కొటేషన్లు పెడితే ఆ * ను జావాయే చూసుకుంటుంది.

ఇక అరుదైనవి. జెడ్‌షెల్‌లో మ్యాచ్ లేకపోతే కమాండే నడవదు. పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌లో ప్యాకేజీ పేరు పక్కన [ ] వాడినా ఇదే గోల, కొటేషన్లే మందు. మేక్‌ఫైల్ వేరియబుల్‌లో * కావాలంటే వైల్డ్‌కార్డ్ ఫంక్షన్ వాడండి.

విసుగొచ్చి స్క్రిప్టు మొత్తానికి సెట్ -ఎఫ్ (షెల్ * ను అసలు ఎక్స్‌పాండ్ చేయకుండా ఆపేది) మాత్రం పెట్టొద్దు. క్లీన్ స్టెప్‌లోని ఆర్‌ఎమ్ -ఎఫ్ బిల్డ్/*.ఓ ఒక్క ఫైలూ తీయదు, -ఎఫ్ ఉంది కాబట్టి నోరూ మెదపదు.