బోల్డ్ పెడితే కోడ్ అలుక్కుపోతోందా?

మోనోస్పేస్ ఫాంట్‌లో సన్నటి 'ఐ'కీ, లావాటి 'ఎం'కీ ఒకే వెడల్పు గది. కోడ్ రాసేవాళ్లు వాడే జెట్‌బ్రెయిన్స్ మోనో ఫాంట్‌లో, అక్షరం సైజును 1000 యూనిట్లనుకుంటే ఆ గది వెడల్పు 600. రెగ్యులర్‌లోనూ అంతే, బోల్డ్‌లోనూ అంతే. గీత లావెక్కుతుంది, గోడలు మాత్రం జరగవు. కింది తంటాల్లో కొన్ని ఈ ఇరుకువల్ల వచ్చినవే.

చిన్న ఎం, డబ్ల్యూ నల్లటి ముద్దల్లా ఉన్నాయి

12 పిక్సెళ్ల సైజులో గది వెడల్పు 7.2 పిక్సెళ్లే. ఎంలోని మూడు నిలువు గీతలకు తలా 2 పిక్సెళ్లు ఇస్తే, లోపలి రెండు ఖాళీలకూ అటూఇటూ అంచులకూ కలిపి మిగిలేది 1.2. ఇక ముద్ద కాక ఏమవుతుంది? అందుకే కొన్ని ఫాంట్లలో మధ్య గీతను పొట్టిగా చెక్కుతారు. సున్నాలో పెట్టే చుక్కకూ ఇదే గతి: లోపల చోటు తగ్గి పూడిపోతుంది, 'ఓ'కూ దానికీ తేడా తెలియదు.

సైజు 14 లేదా 15 చేయండి. కుదరకపోతే వెయిట్‌ను, అంటే గీత లావును చెప్పే అంకెను, బోల్డ్‌కుండే 700 నుంచి 600కో 500కో దించండి. జెట్‌బ్రెయిన్స్ మోనో, ఐబీఎం ప్లెక్స్ మోనో రెండింటిలోనూ సెమీబోల్డ్ (600), మీడియం (500) ఉన్నాయి. నల్ల తెర మీద తెల్ల అక్షరం ఎలాగూ లావుగా కనిపిస్తుంది కాబట్టి నేనైతే అక్కడ మీడియం దాటను. 12లోనే ఉంటానని మొండికేస్తే బోల్డ్ జోలికి పోకండి.

అక్షరం పక్కన నీడ పడినట్టుంది

అది దొంగ బోల్డ్. బోల్డ్ ఫైలు దొరక్క బ్రౌజరే రెగ్యులర్ అక్షరాన్ని ఉబ్బించింది. వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో ఫాంట్-సింథసిస్‌ను 'none' చేసి చూడండి. లావు మాయమైతే దొంగ దొరికినట్టే. అసలు బోల్డ్ ఫైలు చేర్చి, సీఎస్‌ఎస్‌లో ఆ ఫైలును పరిచయం చేసే ఫాంట్-ఫేస్‌లో వెయిట్ 700 అని రాయండి.

టెర్మినల్‌లో లావెక్కకుండా రంగు మారుతోంది

పాత టెర్మినళ్లు (ఆదేశాలు టైపు చేసే తెరలు) బోల్డ్‌ను కాంతివంతమైన రంగుతో చూపేవి, ఆ అలవాటు ఇంకా పోలేదు. ఫాంట్ తప్పేం లేదు. విండోస్ టెర్మినల్‌లో ఇంటెన్స్ టెక్స్ట్ సెట్టింగు మారిస్తే సరి.

తెలుగు కామెంట్ దగ్గర నిలువు వరస చెదిరింది

జెట్‌బ్రెయిన్స్ మోనోలోనూ ప్లెక్స్ మోనోలోనూ తెలుగు లేదు. విండోస్ అయితే సాధారణంగా తనతో వచ్చే నిర్మలా యూఐ ఫాంట్‌ను అరువు తెస్తుంది. అందులో 'ర' వెడల్పు వేరు, 'ఘ' వెడల్పు వేరు. పైగా 'స్త్రీ' యూనికోడ్‌లో 6 సంకేతాలు, కంటికి ఒక్క అక్షరం. దానికి ఎన్ని గదులివ్వాలో ఒక్కో టెర్మినల్ ఒక్కోలా లెక్కేస్తుంది.

తెలుగును సమాన గదుల్లో కుక్కే ప్రయత్నం మానేయండి. కోడ్ పక్కన కాకుండా కామెంట్‌కు విడిగా ఒక లైను ఇవ్వండి. పట్టిక కావాలంటే స్పేస్‌లు కొట్టకుండా నిజమైన టేబులే వేయండి. ఒత్తులు కింది లైనుకు తగులుతుంటే లైన్-హైట్‌ను (లైను ఎత్తును) అక్షరం సైజుకు 1.6 రెట్ల దాకా పెంచండి.